నలభై ఏండ్ల గ్యారంటీ

మా నాయన 1960లో టెలిఫోన్ ఫ్యాక్టరీలో చేరి 1996లో రిటైరయ్యాడు. అన్నేళ్ళు ఊరందరి ఫోన్లూ మోగడానికి కావలసిన మిషన్లు బిగించిన మనిషి ఇంట్లో, నేను డిగ్రీ ముగించేదాకా ఫోను లేదు. ఈ సంగతి చెబితే మా అమ్మాయి "మరి తాత గొడవ చెయ్యలేదా?" అంటుంది. గొడవ ఎందుకు చేస్తాడు, పేరు రాయించాడు కదా! దేశమంతా అలాగే పేర్లు రాయించి ఏళ్ళకేళ్ళు కూర్చునేది. ఆ కూర్చోవడంలో ఆయనకు విసుగు లేదు సరికదా, గొప్ప ధీమా ఉండేది. ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చేదో నాకు చాలా ఏళ్ళు అంతుపట్టలేదు. ఇప్పుడిప్పుడే కొంత తెలుస్తోంది.

బెంగళూరులో పాత మద్రాసు రోడ్డు మీద టిన్ ఫ్యాక్టరీ దాటి కృష్ణరాజపురం వైపు పోతుంటే దూరవాణి నగర్ వస్తుంది. ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌ను 1948లో అక్కడ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ రంగంలో మొదలైన మొట్టమొదటి ఫ్యాక్టరీ అదే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద లక్ష ఫోన్లు కూడా లేవు. మదనపల్లె, చింతామణి, ములబాగిలు, కోలారు నుంచి వచ్చే బస్సులు ఆ గేటు ముందునుంచే పోయేవి కాబట్టి మా వైపువాళ్ళు చాలామంది మెజెస్టిక్ బస్టాండు దాకా పోకుండా ఆ గేటు దగ్గరే దిగిపోయారు. నాయన కూడా అంతే. మదనపల్లెలో ఎస్సెస్సెల్సీ పాసై ట్రంకుపెట్టెతో దిగాడు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం చివరిదాకా అర్థం కాలేదు. ఫ్యాక్టరీ పేరు పొట్టిగా ఐటీఐ. ఐటీఐలో ఉన్నాడంటే ఫిట్టర్ కోర్సు చదువుతున్నాడనుకునేవాళ్ళు. ఆయనకు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా మా అవ్వను "నీ కొడుకు కోర్సు ఇంకా కాలేదా మే" అని అడిగినవాళ్ళున్నారు.

ఫ్యాక్టరీ లోపలికి మమ్మల్ని రానిచ్చేది ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజ నాడు. లేతు మిషన్లకు పసుపు కుంకుమ, చామంతి దండలు, వాకిట్లో కొట్టిన బూడిద గుమ్మడికాయలు, చేతిలో బొరుగులు బెల్లం పొట్లం. నేను ఎప్పుడూ వేసుకోని పట్టు పావడా వేసుకుని నాయన చెయ్యి పట్టుకుని ఆ నూనె వాసనలో నడిచేదాన్ని. ఆయన సెక్షన్‌లో స్ట్రోజర్ సెలెక్టర్లు, అంటే తిప్పిన నంబరును బట్టి లైను కలిపే మిషన్లు, వరసగా నిలబెట్టి ఉండేవి. వాటిలో ఒకదానికి టెస్టింగ్ ఫోను తగిలించి "పాపా, ఒక నంబరు తిప్పు" అనేవాడు. నేను ఐదు తిప్పేదాన్ని. డయలు వెనక్కి వస్తుంటే లైను ఐదుసార్లు తెగి కలుస్తుంది, సెకనుకు పదిసార్ల లెక్కన. ఒక్కో తెగింపుకు ఆ మిషన్‌లో నిలువుగా ఉన్న కడ్డీ టక్కుమని ఒక మెట్టు పైకెక్కుతుంది. ఐదో మెట్టు దగ్గర ఆగి, అక్కడినుంచి అడ్డంగా తిరుగుతూ ఖాళీగా ఉన్న దారి వెతుక్కుంటుంది. పది మెట్లు, మెట్టుకు పది కాంటాక్టులు, మొత్తం వంద దార్లు. సున్నా తిప్పితే పదో మెట్టు దాకా ఎక్కాలి కాబట్టి నాకు సున్నా అంటే ఇష్టం. ఫోను పెట్టేస్తే కడ్డీ దబ్బున కింద పడేది.

దీన్ని కనిపెట్టింది అమెరికాలో అంత్యక్రియలు జరిపించే ఒక వ్యాపారి. స్ట్రోజర్ అతని పేరు, పేటెంటు వచ్చింది 1891లో. ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరమ్మ చావు కబుర్ల ఫోన్లన్నీ పోటీ దుకాణానికి కలిపేస్తోందని అనుమానమొచ్చి, మధ్యలో మనిషే లేకుండా చేస్తే పోతుందని ఈ మిషన్ తయారుచేశాడట. నాయన ఈ కథ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. చెప్పి, తన పని గురించి చెప్పేవాడు: రిలే స్ప్రింగుల మధ్య ఎడం ఫీలర్ గేజితో చూడటం, వెంట్రుకవాసి తేడా ఉంటే పట్టుకారుతో వంచి సరిచేయడం, మళ్ళీ చూడటం. రోజంతా అదే. చివర్లో ఒక మాట మాత్రం తప్పనిసరి.

"అప్పుడప్పుడు తుడిచి నూనె పెడితే చాలు. నలభై ఏండ్లు ఢోకా లేదు."

ఆయన బుర్రలో కాలానికి కొలత ఆ నలభై. చేతికున్న హెచ్‌ఎంటీ గడియారానికి రోజూ పొద్దున కాఫీకి ముందు చావి ఇచ్చేవాడు. అది కూడా బెంగళూరు సరుకే, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో ఇక్కడ గడియారాల ఫ్యాక్టరీ పెట్టారు. "ఇది నీ మొగుడికి వస్తాది" అనేవాడు నాతో. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఫోనుకు పేరు రాయించినా, సైటుకు చీటీ కట్టినా, కొబ్బరి మొక్క నాటినా ఒకటే పద్ధతి. ముందు చాలా కాలం ఉంది, దానికి తగ్గ వస్తువు మన దగ్గరుంది, తొందరెందుకు?

విచిత్రమేమంటే, ఇంత నిదానంగా బతికిన మనిషి ఊహలు మాత్రం ఆకాశంలో ఉండేవి. ఊరికి ఫోను చెయ్యాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి సగం రోజు కూర్చోవాలి. తొందరైతే లైట్నింగ్ కాల్, మామూలు రేటుకు ఎనిమిదింతలు. అలాంటి రోజుల్లో ఆయన మనిషి బొమ్మ కనిపించే ఫోను గురించి మాట్లాడేవాడు. 1964లో న్యూయార్క్ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ కంపెనీ పిక్చర్‌ఫోన్ చూపించిందని ఏదో పత్రికలో చదివాడు. 1970లో పిట్స్‌బర్గ్‌లో దాన్ని అమ్మకానికి పెడితే ఖరీదెక్కువై పెద్దగా ఎవరూ తీసుకోలేదన్న సంగతి ఆయన దాకా రాలేదు. వచ్చినా పట్టించుకునేవాడు కాదేమో. నేను పెళ్ళయి పోయాక నా మొహం చూస్తూ మాట్లాడతానని గట్టి నమ్మకం.

చంద్రుడి సంగతీ అంతే. 1969లో మనిషి అక్కడ దిగినప్పుడు ఫ్యాక్టరీలో అందరూ రేడియో చుట్టూ మూగారట. ఆ రోజునుంచి 2000 సంవత్సరానికి అక్కడ కాలనీ కడతారన్నది మా ఇంట్లో తేలిపోయిన విషయం. కాలనీ అంటే దూరవాణి నగర్ లాంటిదే: క్వార్టర్స్, క్యాంటీను, స్కూలు, ఒక ఎక్స్ఛేంజి. ఆయన దిగులు ఒక్కటే. స్ట్రోజర్ కడ్డీ కిందికి వచ్చేది చాలావరకు తన బరువు మీదే. "చంద్రుడి మీద బరువు ఆరోవంతే కదా. అది కిందికి పడేదానికి ఆలస్యమవుతాది. స్ప్రింగు మార్చల్ల" అని అన్నం తింటూ ఆలోచించేవాడు. మా అమ్మ మజ్జిగ పోస్తూ "ముందు ఈడ కొళాయిలో నీళ్ళు రానీ" అనేది.

ఆయన నమ్మకానికి ఊరు కూడా ఊతమిచ్చింది, అది ఒప్పుకోవాలి. ఇదే ఊళ్ళో, పీణ్యలో షెడ్లలో కూర్చుని మనవాళ్ళు ఆర్యభట తయారుచేశారు. యు.ఆర్. రావు గారి బృందం. 360 కిలోల ఉపగ్రహం, 1975 ఏప్రిల్ 19న రష్యావాళ్ళ రాకెట్ మీద ఎక్కింది. కొద్ది రోజులకే అందులో విద్యుత్ సరఫరా చెడిపోయి ప్రయోగాలు ఆగిపోయాయి, కానీ ఆ సంగతి మా కాలనీలో ఎవరికీ పట్టలేదు. తర్వాత రెండు రూపాయల నోటు వెనక ఆర్యభట బొమ్మ వేశారు. నాయన కొత్త నోటు ఒకటి పర్సులో విడిగా దాచాడు. ఎంత అవసరం వచ్చినా దాన్ని తీసింది లేదు. ప్రపంచంలో ఎవరైనా సరే, తమ ఊళ్ళోనే తయారైన వస్తువు ఆకాశంలో తిరుగుతోందని తెలిశాక, ఇంటికి ఫోను రాదేమోనని ఎందుకు దిగులుపడతారు?

నా కాలానికి వచ్చేసరికి ఈ నిదానం చెడింది. పీయూసీ సెలవుల్లో అమ్మ నన్ను కృష్ణరాజపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చింది. జూనియర్, సీనియర్ రెండూ పాసైతే బ్యాంకులో ఉద్యోగం ఖాయమని. రేకుల గదిలో ఇరవై రెమింగ్టన్లు ఒకేసారి మోగేవి. రిబ్బను ఎరుపు సగం ఎప్పుడూ కొత్తగా ఉండేది, నలుపు సగం చిరిగిపోయి ఉండేది. "టైపు వస్తే అన్నానికి లోటు లేదు, ఈ విద్య పోయేది కాదు" అనేవారు మా మాస్టారు. రెండేళ్ళలో ఆ ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద కంప్యూటర్ బొమ్మ వచ్చింది. మాస్టారు చెప్పింది సగం నిజమే అయింది. మిషన్లు పాత ఇనుము కింద పోయాయి, అక్షరాల వరస మాత్రం అమెరికాలో 1870ల్లో టైపు మిషన్‌కు పెట్టిందే, ఈ రోజు ఫోను అద్దం మీద కూడా అదే. మా బ్యాచ్ ఆడపిల్లలం కంప్యూటర్ల ముందు కూర్చున్నప్పుడు మగపిల్లలు రెండు వేళ్ళతో వెతుక్కుంటుంటే మేము చూడకుండా కొట్టేవాళ్ళం. ఆ గర్వం ఇంకా ఉంది, దాచను.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరుకు వచ్చింది. ఇక్కడ కూర్చుని చేసిన పని ఉపగ్రహం మీదుగా అమెరికాకు పంపుతారని చెప్పుకునేవాళ్ళు. ఒకవైపు బ్యాంకుల్లో కంప్యూటర్లు వద్దని యూనియన్లు కొట్లాడుతున్నాయి, ఇంకోవైపు మా క్లాసులో సగంమంది సాయంత్రం కోర్సులకు పరిగెత్తుతున్నారు. డాస్, లోటస్, డీబేస్, కోబాల్. ఏ కోర్సు ఎన్నాళ్ళు పనికొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. నాయనకు భవిష్యత్తు ఇంటికి వచ్చేది. మాకు అది కదులుతున్న బీటీఎస్ బస్సు, పరిగెత్తి ఫుట్‌బోర్డు అందుకుంటే ఎక్కినట్టు, లేకపోతే స్టాపులో మిగిలినట్టు. అది ఇక్కడ ఆగదన్న భయం కూడా ఉండేది. అసలైన కంప్యూటర్లు, అసలైన రోడ్లు, అసలైన జీవితం అన్నీ అమెరికాలో ఉన్నాయని, మన దగ్గరున్నదంతా పాతసరుకేనని మాకు పదహారేళ్ళకే తీర్మానమైపోయింది.

ఇక్కడ ఒక ఫోటో గురించి చెప్పాలి. చాలామంది చూసే ఉంటారు: ఎద్దులబండి మీద ఉపగ్రహం. అది యాపిల్ అనే సమాచార ఉపగ్రహం, 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్‌లో పోయింది. మొదట ఆ ఫోటో చూసినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. లారీకి కూడా గతిలేదా మనకు అనిపించింది. నా ఈడువాళ్ళందరికీ దాదాపు అదే. చాలా ఏళ్ళ తర్వాత ఎవరో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నాయన అప్పటికి బాగానే ఉన్నాడు, ఎనభైకి దగ్గర. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "సరిగ్గా చేసినారు" అన్నాడు. యాంటెన్నా పరీక్ష చెయ్యాలంటే చుట్టుపక్కల ఇనుము ఉండకూడదు. లారీ అంతా ఇనుమే. చెక్కబండి అయితే సిగ్నలు చెడదు. నిజంగానే బండి తెచ్చింది అందుకే, డబ్బుల్లేక కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, చూడగానే తెలిసింది. మా అమ్మాయి ఆ సాయంత్రానికల్లా దాన్ని స్టిక్కర్ చేసింది, "ఆన్ ది వే" అని కింద రాసి. ఆఫీసుకు ఆలస్యమైనప్పుడల్లా అదే పంపుతుంది. దానికి అందులో గర్వమూ లేదు, సిగ్గూ లేదు. బండీ ముద్దుగానే ఉంది, ఉపగ్రహమూ ముద్దుగానే ఉంది.

నేను పట్టుకున్న ఫుట్‌బోర్డు కోబాల్, బ్యాంకు లెక్కల్లాంటి ప్రోగ్రాములు రాసే కంప్యూటర్ భాష. తొంభైల చివర్లో దానికి ఒక్కసారి గిరాకీ పెరిగింది, వైటూకే వల్ల, అంటే 2000 సంవత్సరం తేదీల చిక్కు వల్ల. ఇప్పటి పిల్లలకు అదేదో పుకారనిపిస్తుంది. పుకారు కాదు. అరవైల్లో, డెబ్భైల్లో అమెరికాలో బ్యాంకులకు, ఇన్సూరెన్సు కంపెనీలకు ప్రోగ్రాములు రాసినవాళ్ళు సంవత్సరానికి రెండంకెలే పెట్టారు. పంచ్ కార్డులో ఉండేది ఎనభై గళ్ళు, మెమరీ బంగారం ధర. 1972 అని రాసేబదులు 72 అంటే రెండు గళ్ళు మిగులుతాయి. 2000 వస్తే 00 అవుతుంది, మిషన్ దాన్ని 1900 అనుకుంటుంది అని వాళ్ళకు తెలియక కాదు. అప్పటిదాకా ఈ ప్రోగ్రాము ఉంటుందా, ఈలోగా ఇంకోటి రాదా అనుకున్నారు. కంప్యూటర్లు అంత జోరుగా మారుతున్నాయి మరి. ఉండదనుకున్నది ముప్పై ఏళ్ళు ఉంది. దాని మీదే జీతాలు, పెన్షన్లు, వడ్డీలు నడుస్తున్నాయి.

మేము చేసింది ఏమిటంటే, లక్షల లైన్లలో తేదీ ఎక్కడెక్కడ ఉందో వెతకడం. డేట్ అని పేరు పెట్టి ఉంటే సులువు. కొందరు డీటీ అని, కొందరు వైవై అని, ఒక మహానుభావుడు తన కుక్క పేరు పెట్టాడు. దొరికాక నాలుగంకెలకు పెంచాలి. అది ఖర్చు కాబట్టి చాలా కంపెనీలు ఇంకో దారి అడిగాయి: 00 నుంచి 49 దాకా ఉంటే రెండువేలు అనుకో, 49 దాటితే పంతొమ్మిది వందలు అనుకో. విండోయింగ్ అనేవాళ్ళం. అంటే 2050 నాటికి ఈ ప్రోగ్రాము ఉండదులే అని. మా టీములో ఎవరో పైకే అన్నారు, "ఇదే మాట ముందువాళ్ళూ అనుకున్నారు కదా" అని. అందరం నవ్వి, టీ తాగి, మళ్ళీ కూర్చున్నాం. 1999 డిసెంబరు 31 రాత్రి ఆఫీసులోనే ఉన్నాం. బయట ఎంజీ రోడ్డులో విజిళ్ళు, లోపల టెన్షన్. న్యూజిలాండ్‌లో ఏమీ కాలేదని కబురొచ్చింది, తర్వాత జపాన్‌లో ఏమీ కాలేదని. మర్నాడు మధ్యాహ్నానికి అమెరికాలోనూ ఏమీ కాలేదు. లోకమంతా "ఇంత హంగామా ఎందుకు చేశారు" అని తిట్టింది. పని సరిగ్గా చేస్తే వచ్చే బహుమానం అదే.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే నాయన చేతుల మీదుగా పోయినలాంటి స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలను పీకేస్తున్నారు. కారణం న్యాయమైనదే. స్ట్రోజర్‌కు ఒక అంతస్తు కావాలి, తుడిచి నూనె పెట్టేవాళ్ళు కావాలి. డిజిటల్ ఎక్స్ఛేంజి ఒక బీరువాలో పడుతుంది. 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజి తయారుచేసింది. ఏసీ అక్కర్లేదు, దుమ్ములో ఎండలో పనిచేస్తుంది. మొదటిది 1986లో మన కర్ణాటకలోనే, కిత్తూరులో పెట్టారు. దేశంలో పల్లెలకు ఫోను వెళ్ళింది దాని వల్లే, స్ట్రోజర్ వల్ల కాదు. ఈ సంగతి నాయనకూ తెలుసు. అలాంటి డిజిటల్ పెట్టె ఒకటి ఎక్కడో తెరిచి చూశాడట. "బోర్డులే ఉండాయి. కదిలేది ఒక్కటీ లేదు. దీంట్లో నేను బిగించేదేముంది?" అన్నాడు. స్ట్రోజర్ మిషన్లు కిలోల లెక్కన, రాగి వేరు ఇత్తడి వేరు చేసి పోయాయి. వాటిలో కొన్నింటికి పదిహేనేళ్ళు కూడా నిండలేదు.

నాకు అప్పుడు తట్టలేదు గానీ ఇప్పుడు అనిపిస్తుంది. నలభై ఏండ్లు ఉంటుందని ప్రాణం పెట్టి చేసింది తుక్కయింది. నాలుగేళ్ళు ఉంటే చాలనుకుని రాసింది మనల్ని దాటి బతుకుతోంది. వస్తువు ఎంతకాలం ఉంటుందో చేసినవాడి చేతిలో లేదు. అయినా చేసినవాడు ఎంతకాలం ఉంటుందనుకున్నాడో దాన్నిబట్టి వాడి బతుకు నడుస్తుంది.

సెల్ ఫోన్ల గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిన కథే. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీకి మొదటి కాల్ చేశారు, మొదట్లో మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బులిచ్చేవాళ్ళం, తర్వాత అదీ పోయింది. మా ఇంట్లో ల్యాండ్‌లైన్ వచ్చిన కొన్నేళ్ళకే దానికి క్రోషా గుడ్డ కప్పి మర్చిపోయాం.

వీడియో కాల్ మాత్రం చెప్పాలి. 1964 నుంచి ఎదురుచూసిన మనిషి కదా. మా అమ్మాయి హాస్టల్ నుంచి తొలిసారి వీడియో కాల్ చేసినప్పుడు నేనే పక్కనుండి ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన వెంటనే చెవికి పెట్టుకున్నాడు. అటువైపు అది పగలబడి నవ్వు. "తాతా, నీ చెవి కనిపిస్తోంది! చెవిలో వెంట్రుకలు కనిపిస్తున్నాయి!" ఆయన ఫోను ముందుకు తీసి చూసి, ఒక నిమిషం దాని మొహం చూశాడు, బాగున్నావా అని అడిగాడు, తిన్నావా అని అడిగాడు, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. చివరిదాకా ఆయన వీడియో కాల్స్ అన్నీ చెవి మీదే. నేను ఒకరోజు "ఇదే కదా నువ్వు చెప్పిన ఫోను, సంతోషమేనా" అంటే, "మాట వినబడాల్సింది చెవికే కదా పాపా" అన్నాడు. ఆయన అసలు ఆశ్చర్యపోయింది ఇంకోదానికి: ఆ కాల్‌కు డబ్బులు కట్టలేదని. చంద్రుడి మీద ఎక్స్ఛేంజి ఊహించినవాడు ఉచితంగా మాట్లాడటం ఊహించలేదు.

మా అమ్మాయి 1998లో పుట్టింది. ఇప్పుడు కోరమంగళలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది, నా లాగే. మూడేళ్ళలో అది పనిచేసిన కంపెనీల్లో ఒకటి మూతపడింది, ఒకటి పేరు మార్చుకుంది. ఇంట్లో మంచం అద్దెకు, ఫ్రిజ్ అద్దెకు, పాటలు నెలకింత, సినిమాలు నెలకింత. "కొనుక్కోవచ్చు కదే" అంటే "ఎందుకమ్మా, మళ్ళీ మూవ్ అవ్వాలి" అంటుంది. పది నిమిషాల్లో కొత్తిమీర ఇంటికొస్తుంది. పదకొండో నిమిషానికి దాని మొహం మారుతుంది. ఇంత వేగంగా అన్నీ అందే పిల్లకు ముందుకాలం ఎంత పెద్దగా కనిపించాలి! అడిగి చూడండి. పదేళ్ళ తర్వాత ఏం చేస్తావే అంటే విసుక్కుంటుంది. "నెక్స్ట్ ఇయర్ నా జాబ్ నేనే చేస్తానో, ఏఐ చేస్తుందో తెలీదు." చంద్రుడూ లేదు, అమెరికా మీద మోజూ లేదు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగినప్పుడు మాతోపాటు చప్పట్లు కొట్టింది, కళ్ళు తుడుచుకుంది కూడా. అరగంటలో ఇంకో పనిలో పడింది.

మా ఈడువాళ్ళు కలిస్తే ఈ పిల్లలకు ఓపిక లేదని తిట్టుకుంటారు. నాకది సరిగ్గా అనిపించదు. ఓపిక గుణం కాదు, చేతిలో ఉన్న వస్తువు నేర్పే అలవాటు. రేపు పొద్దునకల్లా దానంతటదే మారిపోయే ఫోను పట్టుకుని పెరిగినవాళ్ళకు, మనవడికి గడియారం దాచే బుద్ధి ఎక్కడినుంచి వస్తుంది? నాయన గడియారం మా ఆయనకే వచ్చింది, అనుకున్నట్టే. దాన్ని చేసిన కంపెనీ గడియారాలు మానేసి చాలా ఏళ్ళయింది. చావి ఇస్తే నడుస్తుంది, ఎవరూ ఇవ్వరు.

నాయన పోవడానికి రెండు మూడేళ్ళ ముందు తాతామనవరాళ్ళకు ఒకసారి వాదన జరిగింది. ఆయన యథాప్రకారం స్ట్రోజర్ కథ చెప్పి నలభై ఏండ్ల దగ్గరికి వచ్చాడు. అది అడ్డుపడింది.

"తాతా, నలభై ఏళ్ళని నీకు గ్యారంటీ ఎవరిచ్చారు? కంపెనీ ఇచ్చిందా?"

"కంపెనీ ఇచ్చేదేంది? నేనే కదా బిగించింది."

దానికి వెంటనే మాట రాలేదు. కాసేపాగి, "నేను రాసేది రెండు వారాలు నడిస్తే మా మేనేజర్ పార్టీ ఇస్తాడు తాతా" అంది. ఆయన దాన్ని జోకు అనుకోలేదు. చాలా సీరియస్‌గా, "ఎవరన్నా తుడస్తారా దాన్ని? అప్పుడప్పుడు తుడవల్ల" అన్నాడు. అది నావైపు తిరిగి, నిజమేనమ్మా, అదే ఎవరూ చెయ్యరు అంది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇందులో ఎంత నిజముందో తెలుసు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో అందరం ఇంట్లో ఉన్నప్పుడు, మా అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అమెరికాలో న్యూజెర్సీ గవర్నరు టీవీలో కోబాల్ వచ్చినవాళ్ళు కావాలని అడుగుతున్నాడు. ఉద్యోగాలు పోయినవాళ్ళంతా ఒక్కసారి భృతికి దరఖాస్తు పెట్టుకునేసరికి ఎప్పటివో ప్రోగ్రాములు మూలుగుతున్నాయి, చూసుకునేవాళ్ళు లేరు. "అమ్మా, నువ్వు యాంటిక్ కాదు, ఎసెన్షియల్ సర్వీస్" అంది. నేను రిటైరై ఇంట్లో కరివేపాకు ఏరుకుంటున్నాను. కొంచెం పొంగిపోయిన మాట నిజం.

ఈ మధ్య అది రాస్తున్న ప్రోగ్రాములో ఒక పాత భాగం చూపించి సందేహమడిగింది. అందులో కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడుతున్నారు, 32 బిట్లలో. అలా లెక్కపెడితే 2038 జనవరి 19న, మన గడియారం ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాలకు అంకెలు అయిపోతాయి. ఆ పైన అది 1901కి వెళ్ళిపోతుంది. కొత్త మిషన్లలో 64 బిట్లు పెట్టి సరిచేశారు, కానీ మూలమూలల్లో పాతవి ఎన్ని ఉన్నాయో ఎవరు చూశారు? దీన్ని ఇప్పుడే మార్చు అన్నాను.

"2038 కదమ్మా! అప్పటికి ఈ సర్వీసే ఉండదు, వదిలెయ్."

నేను ఏమీ అనలేదు, దానివైపు చూశానంతే. దానికే వెలిగింది. పడీపడీ నవ్వింది.

"సరే, అప్పటికి ఉంటే నిన్నే పిలుస్తాం. కన్సల్టింగ్."

అప్పటికి నాకు అరవై ఎనిమిది. రేటు ఇప్పుడే మాట్లాడుకుందాం అన్నాను.